కడుపు కాని కడుపు

మా తమ్ముడి పెళ్ళి జరిగేనాటికి నేను పుట్టింటికి తిరిగొచ్చి రెండేళ్ళయింది. ఎనిమిదేళ్ళు కాపురం చేసినా నాకు పిల్లలు కలగలేదని మా ఆయన ఇంకొకామెను చేసుకున్నాడు. ఆమెకు మొదటి కాన్పయిన వారానికి నన్ను బండెక్కించి పంపేశారు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు.

మాది బళ్ళారి పక్క మోక దగ్గర పల్లె. నాన్న ఎప్పుడో పోయారు. ఇంట్లో అమ్మ, తమ్ముడు, నేను. తమ్ముడికి సొంత లారీ ఉండేది. సండూరు కొండల నుంచి ఖనిజం రైలు స్టేషనుకు తోలేవాడు. వారంలో నాలుగు రోజులు ఇంటి ముఖం చూసేవాడు కాదు.

తుంగభద్ర కాలువ పారడం మొదలయ్యాక మా చుట్టుపక్కలకు కోస్తా రైతులు వచ్చి, భూములు కొని, వరి నాటడం మొదలుపెట్టారు. వాళ్ళున్న చోట్లను క్యాంపులనేవాళ్ళు. అలాంటి ఒక క్యాంపు నుంచే మా మరదలు వచ్చింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. పలచగా, చామనఛాయగా ఉండేది. నన్ను "వదినగారూ" అని పిలిచేది. ఆ "గారూ" మా వైపు ఎవరూ అనరు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత ఒళ్ళు మండేది.

మాఘమాసంలో పెళ్ళయింది. పదిహేను రోజులకు అమ్మ, ఆదోనిలో ఉన్న తన చెల్లెలికి బాగాలేదని చూడ్డానికి వెళ్ళింది. తమ్ముడు లారీ మీద ఉన్నాడు. ఆ రోజుల్లోనే మరదలు బయట చేరింది. మూడు రోజులు పశువుల కొట్టం పక్కన చాపేసుకుని కూర్చుంది. నేనే దూరం నుంచి అన్నం వేశాను. నాలుగో రోజు తలంటు పోసుకుని, తడి జుట్టుతో వచ్చి వంటింట్లో నా పక్కన కూర్చుని చింతకాయలు దంచింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగిన దానికంతా మూలం ఆ మూడు రోజులే. ఆ పిల్ల పెళ్ళయ్యాక ముట్టయిందని నాకు తెలుసు.

చైత్రం వెళ్ళేసరికి వాంతులు మొదలయ్యాయి. అవి మామూలు వేవిళ్ళు కావు. గుక్కెడు నీళ్ళు తాగినా కక్కేసేది. గంజి, మజ్జిగ, నిమ్మకాయ, ఏదీ నిలవలేదు. ముఖం లోపలికి పోయి, కళ్ళు పెద్దవయ్యాయి. కాళ్ళకు నీరు పట్టింది. కానీ కడుపు మాత్రం వారం వారానికి ఎదిగింది. అమ్మ మురిసిపోయింది.

"కవలలుండారు మే. ఇద్దురూ మగపిల్లోళ్ళే అయితారు, చూస్తాండు" అంది నాతో.

అమ్మ ఆ మాట అన్నప్పుడు నేను రోట్లో జొన్నలు దంచుతున్నాను. రోకలి పక్కకు పడి నా కాలి బొటనవేలు చితికింది. అమ్మ గమనించలేదు. లోపలికి పోయి మరదలికి దిష్టి తీసింది. మా అత్తగారింట్లో ఎనిమిదేళ్ళు నాకు దొరకని మర్యాద ఈ పిల్లకు మూడు నెలల్లో దొరికింది. మంచం దాని కిందికి, పాలు దాని గ్లాసులోకి పోయాయి. బావి దగ్గర ఆడవాళ్ళు దాన్ని చూసి, పక్కనే ఉన్న నన్ను చూసి, మాటలు ఆపేసేవాళ్ళు.

జ్యేష్ఠంలో ఆ కడుపు ఏడు నెలల కడుపులా ఉంది. పెళ్ళయి నాలుగు నెలలు దాటి కొద్ది రోజులు.

నారు పోసే రోజుల్లో మా పొలంలోకి పది మంది ఆడకూలీలు వచ్చారు. మధ్యాహ్నం గట్టు మీద సంగటి తింటున్నారు. వాళ్ళలో ఒకామె నవ్వుతూ అడిగింది.

"మీ మరదలు ఎప్పుడు కంటాదమ్మా? నేటికా రేపటికా అన్నట్టుండాది కదా."

నేను నా వేళ్ళు ముందుకు చాపాను. మాఘం, ఫాల్గుణం, చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం. ఒక్కో వేలూ ముడిచాను. "మీరే లెక్కబెట్టుకోండప్పా. నాకేం తెలుసు, నేను కననిదాన్ని" అన్నాను.

అంతే అన్నాను. ఆపైన ఒక్క మాట కూడా అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. సాయంత్రానికి ఆ లెక్క మాకంటే ముందు మా ఊరు చేరింది.

అమ్మ చెవిన పడడానికి రెండు రోజులు పట్టింది. ఆమె మంత్రసానిని పిలిపించింది. ముసలామె మరదల్ని వెల్లకిలా పడుకోబెట్టి, కడుపంతా తడిమి, చేతులు కడుక్కుంది. "బొడ్డు దాటి నాలుగు వేళ్ళు పైకి ఉండాది. ఏడు నెలలకు తక్కువ లేదు. అయినా యాడా బిడ్డ తగల్డంల్యా. తల ల్యా, కాళ్ళు ల్యా. మెత్తగా పిండి ముద్ద మాదిరి ఉండాది" అంది.

అమ్మ మొదటి మాటే విన్నది. రెండోది ఎవరూ వినలేదు.

మరదలు లేచి కూర్చుని అమ్మ చేయి పట్టుకుంది. "అత్తయ్యగారూ, పెళ్ళినాటికి నాకు నెల తప్పలేదండీ. మీరు ఆదోని వెళ్ళినప్పుడు బయటున్నానండీ. వదినగారే అన్నం పెట్టారు. కావాలంటే అడగండి."

అమ్మ నా వైపు తిరిగింది. "అవునా మే?"

ఆ పిల్ల కళ్ళు నాకిప్పటికీ గుర్తే. నేను ఏం చెప్తానోనని భయం కూడా లేదు వాటిలో. నేను చెప్తానని తెలుసు దానికి.

"నాకు గ్యాపకం ల్యా" అన్నాను.

మంచం ఆ రోజే తీసేశారు. చాప ఒకటి కొట్టం వైపు పడేశారు. పాలు ఆగిపోయాయి. దానికి అప్పటికే గుండె దడ, చేతుల వణుకు మొదలయ్యాయి. ఊరికే కూర్చున్నా చెమటతో రవిక తడిసిపోయేది. మెడలో నరం కొట్టుకోవడం ఎదుటి మనిషికి కనిపించేది. మజ్జిగ చెంబు అందిస్తే సగం ఒలికిపోయేది. అమ్మ ఆ వణుకు చూసి ఇరుగుపొరుగును పిలిచి చూపించేది.

"చూడండమ్మా, తప్పు చేసినోళ్ళ చేతులు ఎట్ల వణుకుతాండాయో."

లారీ దిగి వచ్చిన తమ్ముడికి అమ్మ అంతా చెప్పింది. వాడు పెళ్ళాన్ని కొట్టలేదు. కొడితే బాగుండేదని అది తర్వాత నాతో అంది. వాడు దాని చేతి అన్నం మానేశాడు. అది వడ్డించిన కంచాన్ని ఎత్తుకుపోయి, దాని కళ్ళ ముందే కొట్టంలో కట్టేసిన ఎనుము ముందు పెట్టాడు. ఇంట్లో ఉన్న ప్రతిరోజూ అలాగే చేశాడు. వాంతులతో నిలబడలేని పిల్ల పొయ్యి ముందు కూర్చుని వండేది, వాడు ఎనుముకు పెట్టేవాడు.

ఆషాఢంలో దాన్ని క్యాంపుకు పంపేద్దామని నిశ్చయించారు. బండి కట్టారు. పెట్టె బండిలో పెట్టి నేను వెనక్కి తిరిగేసరికి మరదలు గడప పట్టుకుని కిందికి జారిపోయింది. పాదాల కింద ఎర్రగా మడుగు కట్టింది. ఆ రక్తంలో ఏవో తెల్లగా, చిన్నగా, మెరుస్తూ కనిపించాయి. వంగి చూశాను. నానబెట్టిన సగ్గుబియ్యంలా ఉన్నాయి. కొన్ని ద్రాక్షపండ్లంత ఉన్నాయి. లోపల నీళ్ళు, పైన పలచని పొర. సన్నని దారానికి గుచ్చినట్టు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఇదేం పాపమే తల్లీ!"

తమ్ముడు కదల్లేదు. బండి తోలడానికి వచ్చిన ముసలి జీతగాడే అరిచాడు. "ఏందప్పా అట్ల నిలబడినావు? సచ్చిపోతాది. లారీ తీయ్!"

ఖనిజం దించేసిన లారీలో, ఎర్ర దుమ్ము మీద గోనెసంచులు పరిచి పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. బళ్ళారి దాకా అది మూలుగుతూనే ఉంది. ఒకసారి కళ్ళు తెరిచి, "బిడ్డ పోయిందా వదినగారూ?" అని అడిగింది. ఆ గోనెల మీద కూర్చుని, దాని తల నిమురుతూ, నాకు లోపల ఏదో తేలికైనట్టు అనిపించింది. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

ఆసుపత్రిలో లేడీ డాక్టరుగారు కన్నడామె. యాభై ఏళ్ళుంటాయి. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడేది. లోపల శుభ్రం చేయడానికి చాలాసేపు పట్టింది. బయటికి వచ్చి మమ్మల్ని పిలిచింది. నర్సు చేతిలో మూత పెట్టిన ఎనామిలు గిన్నె ఉంది. డాక్టరుగారు మూత తీయించింది. గిన్నె అంచు దాకా ఆ నీటి బుడగలే.

"ఇల్లి నోడు, తల్లీ. ఇక్కడ చూడు" అంది అమ్మతో. "బిడ్డ ల్యా. మొదటి నుంచీ ల్యా. మాయ ఒకటే పెరిగి ఇట్ల బుడగలైంది. మీ తెలుగువాళ్ళు ముత్యాల గర్భం అంటారు."

"ఏడు నెలల కడుపు కదమ్మా?" అంది అమ్మ.

"యారు చెప్పింది ఏడు నెలలు? నాలుగు కూడా నిండలేదు. ఇది బిడ్డకంటే జోరుగా పెరుగుతుంది. అందుకే కడుపు అంత పెద్దదైంది."

తమ్ముడు గోడకు ఆనుకున్నాడు. డాక్టరుగారు వాడినీ దగ్గరికి రమ్మని ఓపిగ్గా చెప్పింది. మన తలలో, కళ్ళ వెనకాల, శనగగింజంత గ్రంథి ఒకటుంటుందట. పిట్యూటరీ అని దాని పేరు. ఆడదాని నెలసరికీ, గర్భానికీ, పాలకూ అదే యజమాని. దాని ఆజ్ఞలు రక్తంలో కలిసి కిందికి వస్తాయట. గర్భం నిలిస్తే మాయ కూడా అలాంటి రసమే ఒకటి తయారు చేస్తుంది. ఈ బుడగలు ఆ రసాన్ని ఎన్నో రెట్లు పోశాయట. ఒళ్ళంతా నిండు గర్భమని నమ్మిందట. ఆ గ్రంథి కూడా నమ్మి తన పని ఆపేసిందట. వాంతులు ఆ రసం వల్లేనట. గొంతు దగ్గరి గ్రంథి కూడా రెచ్చిపోయి గుండె దడ, వణుకు తెచ్చిందట.

వణుకు అన్నప్పుడు అమ్మ తల వంచుకుంది. ఒక్క క్షణమే. "ఎవరి పాపమో గాని మా ఇంటికొచ్చె" అంది.

నాలుగో రోజు మరదలికి పాలు వచ్చాయి. రవిక ముందు భాగమంతా తడిసింది. అది భయపడి రెండు చేతులతో కప్పుకుంది. అమ్మ చూసి నన్ను వరండాలోకి లాగింది.

"బిడ్డ ల్యాకుండ పాలు యాడ నుంచి వస్తాయే? యాడో కనే ఉండాది ఇది. ఆ డాక్టరమ్మకు ఏం తెలుసు!"

నేను డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆమె విసుక్కోలేదు. "ఆ గ్రంథికి కండ్లు లేవమ్మా. గర్భం ఖాళీ అయింది, రసం తగ్గింది. బిడ్డ పుట్టిందనుకుంది. పాలు పంపింది. అంతే" అంది. నేను తిరిగొచ్చి అమ్మతో ఆ మాట చెప్పలేదు. పాలు ఎండడానికి మల్లెపూలు పెట్టి గుడ్డ కట్టమన్నారు. నేనే కట్టాను. ముడి గట్టిగా బిగించాను, అవసరమైన దానికంటే గట్టిగా. అది పళ్ళు కొరుక్కుంది గాని ఒదులు చేయమని అడగలేదు.

ఇంటికి పంపేముందు డాక్టరుగారు రెండు షరతులు పెట్టింది. ఏడాది దాకా గర్భం రాకూడదు. పదిహేను రోజులకోసారి పొద్దుటి మూత్రం సీసాలో తెచ్చి ఇవ్వాలి. ఆ మూత్రాన్ని మగ గోండ్రుకప్పకు సూదితో ఎక్కించి చూస్తారు. ఒంట్లో ఆ రసం ఉంటే కప్పలో తెలుస్తుంది. ఉందంటే లోపల ఇంకా ఏదో మిగిలినట్టు.

డాక్టరుగారి మాటతో క్యాంపుకు పంపడం ఆగింది గాని, తమ్ముడు దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. ఏడాది మాట వాడికి మంచి సాకైంది. అమ్మ దాన్ని వంటింట్లోకి రానీయలేదు. గడ్డి కోయడం, పేడ ఎత్తడం, కొట్టం ఊడవడం దానికి పడ్డాయి. సీసా తీసుకుపోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. నేను పోతానన్నాను. జాలితో అని అమ్మ అనుకుంది. మరదలూ అలాగే అనుకుంది. ఎందుకు పోతానన్నానో నాకే సరిగా తెలియదు. ఇంట్లో దాని ముఖం చూస్తూ కూర్చోవడం కంటే బస్సు నయమనిపించింది.

ప్రయోగశాలలో మట్టి తొట్టి ఒకటి ఉండేది. పైన తడి గోనె కప్పి ఉండేది. అందులో కప్పలు. నేను సీసా ఇచ్చి బయట బల్ల మీద కూర్చునేదాన్ని. మధ్యాహ్నానికి చెప్పేవాళ్ళు. మొదటి మూడుసార్లు ఉందన్నారు. నాలుగోసారి కొంచెం. దసరా ముందు లేదన్నారు. నేను ఇంటికొచ్చి చెప్తే, మరదలు చేతిలోని పేడ తట్ట దించి నా వైపు చూసి నవ్వింది. పెళ్ళయిన కొత్తలో చూసిన నవ్వు. "ఇంక ఫరవాలేదా వదినగారూ?" అంది.

కార్తీకంలో దగ్గు పట్టుకుంది. చలికి అనుకున్నాం. ఆ నెల రెండో సీసా తీసుకుపోయిన రోజు, డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"మళ్ళీ వచ్చింది. జోరుగా ఉంది. మొగుడితో కలిసిందా?"

"ల్యా అమ్మా. ఇద్దరికీ మాటల్లేవు."

ఆమె చేతిలోని చీటీ మళ్ళీ ఒకసారి చదివింది. "దగ్గు ఉందా? రక్తం పడుతుందా?"

దగ్గు ఉందన్నాను. రక్తం సంగతి నాకు తెలియదు. మనిషిని వెంటనే తీసుకురమ్మంది. కొత్త గర్భమైనా కావాలి, లేదా ఆ బుడగల తాలూకు ముక్క విషంగా మారి ఊపిరితిత్తులకు పాకి ఉండాలి. మద్రాసు పంపాల్సి రావచ్చు. ఇంటి పెద్దలతో మాట్లాడాలి, వాళ్ళనూ రమ్మనమంది.

నేను ఇంటికి వచ్చి అమ్మకూ తమ్ముడికీ ఉన్నదున్నట్టు చెప్పాను. రెండూ చెప్పాను. వాళ్ళు మొదటిదే పట్టుకున్నారు.

"కప్పకు తెలిసిందంట, కడుపుండాదని!" అమ్మ గొంతు వీధిలోకి వినబడింది. "వీడు ఆ పక్కకే పోలేదు కదా. మరి ఎవునిది?"

మరదలు కొట్టం గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి చేయి పట్టుకోలేదు, ప్రాధేయపడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. కొంగు తీస్తే ఎర్రగా ఉంది. ఎప్పటి నుంచో అలా పడుతోందని అప్పుడే తెలిసింది. అది ఆ కొంగును మడిచి దాచుకుంది. ఇన్నాళ్ళూ అలాగే దాచిందన్నమాట.

తమ్ముడు లోపలికెళ్ళి దాని పెట్టె తెచ్చి వాకిట్లో పడేశాడు.

అప్పుడు చెప్పాను నేను. "అమ్మా, ఆ పిల్ల తప్పు ఏమీ ల్యా. నువ్వు ఆదోని పోయినప్పుడు అది బయట కూచునింది. నేనే అన్నం పెట్టినా. అప్పుడు అబద్ధం చెప్పినా. ఇప్పుడు ఇది రోగం, కడుపు కాదు. ఆసుపత్రికి తీసకపోదాం."

అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నాకు తెల్దనుకున్యావా? ఆ బట్టలు ఉతికిన చాకలామె నేను ఆదోని నుంచి దిగిన పొద్దే చెప్పింది. ఊరంతా ఏళ్ళు ముడిచి లెక్క చెప్తాంటే, నేను ఒక్కదాన్నే కాదంటే ఎవరు ఇంటారు? నీ తమ్మునికి ఇంకో పిల్లను చూడాల్నా వద్దా?" తర్వాత గొంతు తగ్గించింది. "లెక్క మొదలుబెట్టింది ఎవరో గూడ నాకు తెలుసు."

మరదలు ఇదంతా విన్నది. దగ్గరలోనే ఉంది. నా వైపు చూడలేదు. వంగి పెట్టె ఎత్తబోయి, ఎత్తలేక, అక్కడే కూర్చుండిపోయింది.

మరుసటి పొద్దున, కబురంది, మరదలి అమ్మానాన్నలు బండి కట్టుకుని వచ్చారు. ఆసుపత్రికి తీసుకుపోయారు. ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీస్తే ఊపిరితిత్తుల్లో గుండ్రంగా మచ్చలు కనిపించాయట. ఈ జబ్బుకు ఎక్కడో మందు వాడి చూస్తున్నారని చదివానని, ఇక్కడ దొరకదని డాక్టరుగారు అందట. మద్రాసుకు వెళ్ళే లోపే ఒకరోజు మధ్యాహ్నం దగ్గు ఆగకుండా వచ్చి, తల్లి ఒళ్ళోనే పోయింది. పుష్యమాసం. వాళ్ళ పొలంలో కోతలు నడుస్తున్నాయి.

తమ్ముడు కొరివి పెట్టడానికి వెళ్ళలేదు. అమ్మ వెళ్ళొద్దంది. పదకొండో రోజు నేను ఒక్కదాన్నే, చెప్పకుండా, బస్సు దిగి క్యాంపు దాకా నడిచాను. వాళ్ళు నన్ను గుమ్మంలోనే తిట్టి తరిమేస్తారనుకున్నాను. అందుకే వెళ్ళాను.

వాళ్ళమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు వచ్చారా అమ్మా. లోపలికి రండి. ఎండలో పడి వచ్చారు" అంది.

చాప వేసి కూర్చోబెట్టింది. విస్తరి వేసి అన్నం, పప్పు, గుమ్మడికాయ పులుసు వడ్డించింది. నా ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసురుతూ చెప్పింది.

"మా పిల్ల మిమ్మల్ని రోజూ తలుచుకునేదండీ. ఆ ఇంట్లో వదినగారే దిక్కు అనేది. ముట్టయితే అన్నం పెట్టారని, లారీలో ఒళ్ళో పడుకోబెట్టుకున్నారని, సీసాలు మోశారని. చివరి రోజు కూడా అంది, వదినగారిని ఏమీ అనొద్దమ్మా అని. మేమెందుకు అంటామండీ? ఇంకొంచెం పెట్టించుకోండి."

ఆమె ఇంకో గరిటె అన్నం వేసింది. పులుసు పోసింది. నేను తల వంచుకుని, విస్తరిలో మెతుకు మిగలకుండా, మొత్తం తిన్నాను.